చేతికి వచ్చిన చదువు

(లేఖ)

పాఠ్యభాగ పరిచయం

చక్కెర మనందరికీ తెలిసిన వస్తువే. చెరకు గడ చక్కెర పలుకుగా మారడానికి ఎందరి చేతులు, ఎంత నేర్పు కావాలో తెలిసినవారు కొద్దిమందే. ఆ నేర్పును యువకులకు పనిచోటనే నేర్పే పద్ధతిని అప్రెంటిస్‌షిప్ అంటారు. తుంగభద్ర కాలువ కింద స్థిరపడిన ఒక తెలుగు రైతు కుటుంబంలోని యువకుడు ఐ.టి.ఐ.లో ఫిట్టరు శిక్షణ పూర్తిచేసి, ఉత్తర కర్ణాటకలోని ఒక చక్కెర కర్మాగారంలో అప్రెంటిసుగా చేరాడు. పదవ తరగతి చదువుతున్న చెల్లెలికి అతడు వ్రాసిన ఉత్తరమే ఈ పాఠం.

బెళగావి జిల్లా,
జనవరి 20.

చిరంజీవి చెల్లికి అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నీవు, అమ్మ, నాన్న, తాత క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అందులో రెండు ప్రశ్నలు అడిగావు. “అన్నయ్యా! నీవు చేస్తున్నది చదువా, ఉద్యోగమా?” అన్నది మొదటిది. “పదవ తరగతి అయ్యాక నేను కూడా అలాంటిది నేర్చుకోవచ్చా?” అన్నది రెండవది. వాటితోపాటు నాన్న అన్నమాట కూడా వ్రాశావు. “రెండేళ్ళు ఐ.టి.ఐ. చదివి చివరికి మిల్లులో కూలికి పోయాడు” అన్నారట. ఆ మాట చదివి రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. నాన్న మీద కోపం వచ్చి కాదు. నేను చేసే పని ఏమిటో ఆయనకు అర్థమయ్యేలా ఇంతవరకు చెప్పనేలేదు గదా అనిపించింది. అందుకే ఈసారి కొంచెం పెద్ద ఉత్తరం వ్రాస్తున్నాను.

నేను ఇక్కడ చేరింది ఆగస్టులో. అప్పుడు కర్మాగారం ఆగి ఉంది. మా ప్రాంతంలో చెరకు ఆడడం అక్టోబరు, నవంబరు నెలల్లో మొదలై మార్చి, ఏప్రిల్ వరకు సాగుతుంది. మిగిలిన నెలల్లో యంత్రాలను విప్పి బాగుచేస్తారు. పని నేర్చుకునేవాడికి అంతకంటే మంచి కాలం లేదు. తిరిగే యంత్రాన్ని బయటినుండి చూస్తాం. విప్పిన యంత్రాన్ని లోపలినుండి చూస్తాం. చెరకును పిండే రోలర్ల మీది గాళ్ళు ఎంత అరిగిపోయాయో, బేరింగులు ఎక్కడ దెబ్బతిన్నాయో నా చేతులతో తడిమి చూశాను. రసం కాచే గొట్టాల లోపల, మన ఇంట్లో నీళ్ళు కాచే బిందె అడుగున పట్టినట్టే, గట్టి పొర పట్టి ఉంటుంది. అది తీయకపోతే ఆవిరి వేడి రసానికి సరిగా అందదు.

నవంబరులో ఆట మొదలైంది. అప్పటినుండి రాత్రీ పగలూ తేడా లేదు. బండ్లు, ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. చెరకును తూచి, చిన్న ముక్కలుగా నరికి, పీచుగా చీల్చి మిల్లులకు పంపుతారు. ఒకదాని వెంట ఒకటిగా నాలుగైదు మిల్లులు దానిని పిండుతాయి. చివరి మిల్లులకు వెళ్ళేటప్పుడు పిప్పి మీద వేడినీళ్ళు చల్లుతారు. అందులో మిగిలిన తీపి కూడా ఆ నీటితో దిగివస్తుంది. నూరు కిలోల చెరకు ఆడితే ముప్పై కిలోలదాకా పిప్పి వస్తుంది. అది వృథా కాదు. బాయిలరులో ఆ పిప్పినే మండిస్తారు. ఆ మంటతో పుట్టిన ఆవిరి టర్బైనును తిప్పి విద్యుత్తునిస్తుంది. అక్కడినుండి బయటికి వచ్చిన ఆవిరే రసాన్ని కాస్తుంది. చెరకు తన రసాన్ని తానే కాచుకుంటుందన్న మాట!

పిండిన రసం నల్లగా, మడ్డిగా ఉంటుంది. దానిని వేడిచేసి సున్నపు పాలు, గంధకపు పొగ కలుపుతారు. సున్నం ఎక్కువైతే రసం రంగు చెడుతుంది. తక్కువైతే పులుపు మిగిలి చక్కెర విరిగిపోతుంది. అటు ఆమ్లమూ కాక, ఇటు క్షారమూ కాక నడుమ నిలపాలి. నీ రసాయనశాస్త్ర పుస్తకంలోని పాఠం ఇక్కడ గంట గంటకూ పరీక్షకు వస్తుంది. మడ్డి అడుగుకు దిగాక, పైన తేరిన రసాన్ని వరుస పాత్రలలో మరిగించి చిక్కబరుస్తారు. ఆ చిక్కని రసం చివరికి పాన్ అనే పెద్ద పాత్రకు చేరుతుంది.

తాత గానుగ ఆడించిన రోజులు నీకు తెలియవు. నేను చిన్నవాడినైనా నాకు లీలగా గుర్తు. పెనం మీద రసం కాగుతుంటే తాత గరిటెతో కొంచెం పాకం తీసి చన్నీళ్ళలో వేసేవాడు. వేళ్ళతో ఉండ చేసి చూసి, “ఇంకొక్క పొంగు రావాలి” అనేవాడు. గడియారం లేదు, కొలత లేదు. ఆయన వేళ్ళే కొలత. ఇక్కడి పాన్ పెనం లాంటిదే కాని, మూతవేసి లోపలి గాలిని లాగేస్తారు. గాలి ఒత్తిడి తగ్గితే రసం తక్కువ వేడికే మరుగుతుంది. అందువల్ల డెబ్బై డిగ్రీల దరిదాపుల్లోనే పాకం తయారవుతుంది. పెనం మీద కాగినట్లు ఎక్కువ వేడిలో కాగితే చక్కెర మాడి రంగు తిరిగేది.

ఆ పాన్ దగ్గర ఒక పెద్దాయన ఉంటారు. పొడవైన కడ్డీతో లోపలి పాకాన్ని చిటికెడు బయటికి తీసి, గాజుపలక మీద రాసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తారు. పలుకులు కనబడ్డాయా, సమానంగా ఉన్నాయా, వాటి నడుమ అక్కరలేని సన్నపొడి పుట్టిందా అని పరీక్షిస్తారు. వేడిని, ఒత్తిడిని చూపే ముల్లులున్నాయి. కొత్త కర్మాగారాల్లో కంప్యూటరు తెరలు కూడా వచ్చాయి. అయినా ఆ గాజుపలక మూలపడలేదు. ఒకరోజు ఆయన పలకను నా చేతికిచ్చి, “ఏం కనబడుతోంది?” అని కన్నడంలో అడిగారు. నాకు జిగురు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన నవ్వి, “రోజూ వచ్చి చూడు. నెలకు కనబడుతుంది” అన్నారు. నిజంగానే నెల తర్వాత కనబడింది! పుస్తకంలో చదివితే తెలిసేది ఒకటి. తెలిసినవారి పక్కన నిలబడితే తెలిసేది మరొకటి. తాత వేళ్ళకు, ఈ పెద్దాయన కంటికి తెలిసింది ఆ రెండవదే.

ఇక నేను చేసిన తప్పు కూడా చెబుతాను. రసం తోడే పంపులో ఇరుసు బయటికి వచ్చే చోట రసం కారిపోకుండా జిడ్డు పట్టించిన అల్లికతాడు చుట్టలు పెట్టి, పైన గ్లాండు అనే మూత వేసి రెండు నట్లతో బిగిస్తారు. డిసెంబరులో ఒకరోజు ఒక పంపు దగ్గర రసం కారుతూ ఉంది. మేస్త్రిగారు పక్కన లేరు. నేనే పాన తీసుకుని ఒక్క చుక్క కూడా పడకుండా గట్టిగా బిగించాను. పని చక్కగా చేశానని సంతోషించాను. అరగంట కాకముందే కమురు వాసన వచ్చింది. తాడు కాలిపోయి పొగ లేస్తోంది. మేస్త్రిగారు పరుగున వచ్చి, పక్కనున్న రెండవ పంపు వేయించి, దీనిని ఆపించారు.

అందరి ముందూ తిడతారనుకున్నాను. ఆయన పంపు చల్లారేదాకా ఆగి, మీట కట్టించి, ‘పని జరుగుతున్నది’ అనే పలక దానికి తగిలించారు. తర్వాత పాన నా చేతికే ఇచ్చి, “ఇప్పుడు నీవే విప్పు” అన్నారు. కాలిన తాడు తీసి, కొత్త చుట్టలు ఒకదాని అతుకు మీద మరొకదాని అతుకు పడకుండా పెట్టించారు. రెండు నట్లను కొద్దికొద్దిగా, సమానంగా బిగించమన్నారు. పంపు తిరిగాక చుక్క చుక్కగా కారుతుంటే నేను మళ్ళీ పాన ఎత్తబోయాను. నా చేయి పట్టుకుని, “ఉండనీ. ఇరుసుకు కూడా దాహం వేస్తుంది. ఆ చుక్కలే దానిని చల్లగా ఉంచేవి” అన్నారు.

ఆ తర్వాతే నాకు అసలు పరీక్ష ఎదురైంది. షిఫ్టు ముగిసేముందు జరిగినదంతా పుస్తకంలో వ్రాయాలి. నేను ‘తాడు పాతది కావడం వల్ల కాలింది’ అని వ్రాయబోయాను. మేస్త్రిగారు చూసి, “వచ్చే షిఫ్టువాడు ఈ మాట నమ్మి మంచి తాళ్ళన్నీ పారేస్తాడు. ఉన్నది వ్రాయి” అన్నారు. ‘అతిగా బిగించడం వల్ల కాలింది’ అని వ్రాసి, కింద నా పేరు పెట్టాను. చేయి వణికింది కాని, మనసు తేలికపడింది. రెండవ పంపు సిద్ధంగా లేకపోయి ఉంటే మిల్లులు ఆగేవి. పిండిన రసం నిలవ ఉంటే సూక్ష్మజీవులు చేరి పులిసిపోతుంది. బయట బారులు తీరిన బండ్లలో చెరకు ఎండుతుంది. ఆ చెరకు మన నాన్నలాంటివారిదే కదా! నరికిన గడ ఎన్ని గంటలు ఆగితే అంత తీపి తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. నా పాన ఒక్క చుట్టు ఎక్కువ తిరిగితే ఆ నష్టం ఎక్కడిదాకా పోతుందో ఆరోజు తెలిసింది.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్నకు వస్తాను. నేను కూలివాడిని కాను; అలాగని ఉద్యోగినీ కాను. చట్టం ప్రకారం శిక్షణార్థిని. 1961లో మన దేశంలో అప్రెంటిసుల చట్టం వచ్చింది. అప్రెంటిసుకు, యజమానికి మధ్య వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉంటుంది. దానిని ప్రభుత్వం వద్ద నమోదు చేస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండనివారి తరఫున తల్లిదండ్రులుగాని, సంరక్షకులుగాని సంతకం చేయాలి. ప్రతినెలా భృతి ఇస్తారు. యంత్రం దగ్గర పనితోపాటు తరగతులు కూడా నడుపుతారు. శిక్షణలో గాయపడితే నష్టపరిహారం ఇవ్వవలసిన బాధ్యత యజమానిదే. అధికారి అనుమతి లేకుండా అప్రెంటిసుచేత అదనపు గంటలు పనిచేయించరాదు. చివర జాతీయస్థాయి పరీక్ష ఉంటుంది. అందులో నెగ్గినవారికి దేశమంతటా చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. 1973లో ఈ చట్టాన్ని సవరించి ఇంజనీరింగు పట్టభద్రులకు, డిప్లొమా చదివినవారికి కూడా ఈ అవకాశం కల్పించారు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. శిక్షణ అయ్యాక ఇక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ఇస్తే ఇవ్వవచ్చు, లేకపోతే లేదు. అందుకే కొందరు మధ్యలోనే మానేసి పోతారు. కొన్నిచోట్ల నేర్పడం మరచి, ఊడ్చే పనికీ మోసే పనికీ కుర్రవాళ్ళను వాడుకుంటారని కూడా విన్నాను. అది చట్టానికి విరుద్ధం. అందుకే చేరేముందు ఒప్పందం చదువుకోవాలి. ఏ నెలలో ఏమి నేర్పుతారో అడగాలి. నాకు మాత్రం ఒక ధైర్యముంది. పంపులు, బేరింగులు, గేరుపెట్టెలు చక్కెర మిల్లులోనే కాదు, సిమెంటు, కాగితం, బియ్యం మిల్లుల్లోనూ ఉంటాయి. కర్మాగారం మూతపడినా చేతికి వచ్చిన పని మూతపడదు.

ఈ చదువుకు వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం ఏర్పడింది. అక్కడ పుట్టిన వంగడాలు ‘కో’ అనే అక్షరంతో మొదలవుతాయి. నాన్న వేసే ‘కో 86032’ అక్కడిదే. 1932లో దేశీయ చక్కెరకు రక్షణ కల్పిస్తూ చట్టం వచ్చాక కర్మాగారాలు వేగంగా పెరిగాయి. వాటిని నడపగల నిపుణులు కావలసివచ్చి 1936లో కాన్పూరులో చక్కెర సాంకేతిక విద్యాసంస్థను స్థాపించారు. అదే నేటి జాతీయ చక్కెర సంస్థ. 1975లో మహారాష్ట్ర సహకార కర్మాగారాలవారు పుణె దగ్గర మరొక సంస్థను నెలకొల్పుకున్నారు. మన తెలుగునాట 1933లోనే ఏటికొప్పాకలో రైతులు సహకార సంఘంగా ఏర్పడి చక్కెర పరిశ్రమకు దారి వేశారు. పెద్ద సంస్థలు ఇంజనీరులను, రసాయనజ్ఞులను తయారుచేస్తాయి. యంత్రం పక్కన నిలిచే నాలాంటివారిని తయారుచేసేది అప్రెంటిస్‌షిప్.

నీ రెండవ ప్రశ్నకు జవాబు: తప్పకుండా నేర్చుకోవచ్చు. ఇక్కడి ప్రయోగశాలలో చెరకు రసంలో తీపి ఎంత, పులుపు ఎంత, పిప్పిలో ఎంత చక్కెర మిగిలిపోతోంది అని ఎప్పటికప్పుడు పరీక్షిస్తారు. నూరు కిలోల చెరకుకు సుమారు పది కిలోల చక్కెర వస్తుంది. అది పదికి ఏ కొంచెం తగ్గినా, ఎక్కడ పోయిందో మొదట కనిపెట్టేది ప్రయోగశాలే. నీకు రసాయనశాస్త్రం ఇష్టం కాబట్టి ఐ.టి.ఐ.లో ప్రయోగశాల సహాయకుల కోర్సు గురించి విచారించు. పదవ తరగతిలో లెక్కలు, సైన్సు బాగా చదువు. ఆడపిల్లకు మిల్లులో ఏం పని అని ఎవరైనా అంటే నా ఉత్తరం చూపించు.

భాష సంగతి అడుగుతావేమో. మేస్త్రిగారు కన్నడం మాట్లాడతారు. పాన్ దగ్గరి పెద్దాయనకు మరాఠీ కూడా వచ్చు. యంత్రాల మీద ఇంగ్లీషు ఉంటుంది. నేను రోజూ రాత్రి నా నోటుపుస్తకంలో ఆనాడు నేర్చుకున్నది తెలుగులో వ్రాసుకుంటాను. మన భాషలో వ్రాయగలిగినప్పుడే అది నాకు నిజంగా అర్థమైనట్టు. వ్రాయలేకపోతే మరునాడు మళ్ళీ వెళ్ళి అడుగుతాను.

ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించు. తాతను కూడా దగ్గర కూర్చోబెట్టు. పాకం సంగతి వింటే సంతోషిస్తాడు. గ్లాండు సంగతి మాత్రం దాటవేయకు. అది కూడా చదువు. ఆ పని నేర్చుకున్నందుకే నేను ఇక్కడ ఉన్నానని నాన్నకు తెలియాలి.

అమ్మకు, నాన్నకు, తాతకు నా నమస్కారాలు.

ఇట్లు,
నీ అన్నయ్య.

పదాలు – అర్థాలు

అప్రెంటిసు : పనిచోట ఉండి పని నేర్చుకునేవాడు / నేర్చుకునేది
శిక్షణార్థి : శిక్షణ కోరి చేరిన వ్యక్తి
భృతి : శిక్షణ కాలంలో నెలనెలా ఇచ్చే సొమ్ము
పిప్పి : రసం పిండగా మిగిలిన చెరకు పీచు
పెనం : బెల్లం వండే వెడల్పైన పాత్ర
గాళ్ళు : రోలరు మీద చెక్కిన చాళ్ళు
ఇరుసు : చక్రం, యంత్రం తిరగడానికి ఆధారమైన కడ్డీ
పాన : నట్లు బిగించే, విప్పే పనిముట్టు
వంగడం : పంటలో ఒక రకం
లీలగా : కొద్దిగా, అస్పష్టంగా

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. కర్మాగారం ఆగి ఉన్న కాలం పని నేర్చుకునేవాడికి మంచిదని అన్నయ్య ఎందుకన్నాడు?
2. “చెరకు తన రసాన్ని తానే కాచుకుంటుంది” అనే మాటను వివరించండి.
3. పాన్‌లోని గాలిని ఎందుకు లాగేస్తారు?
4. “ఇరుసుకు కూడా దాహం వేస్తుంది” అని మేస్త్రి ఏ సందర్భంలో అన్నాడు? దాని భావమేమి?

II. క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. షిఫ్టు పుస్తకంలో అన్నయ్య మొదట ఏమి వ్రాయబోయాడు? అలా వ్రాసి ఉంటే ఏమి జరిగేది? మీరు అతని స్థానంలో ఉంటే ఏమి చేసేవారు?
2. అప్రెంటిసుకు చట్టం కల్పించిన రక్షణలేవి? చట్టం హామీ ఇవ్వనిదేమిటి? అయినా అన్నయ్యకు ధైర్యమెందుకు?
3. తాత వేళ్ళకు, పాన్ దగ్గరి పెద్దాయన కంటికి గల పోలికను వివరించండి.

III. సొంత వాక్యాలలో ప్రయోగించండి.
బారులు తీరు, మూలపడు, మనసు తేలికపడు, చేతికి వచ్చు

IV. భాషాంశాలు
1. క్రింది పదాలను విడదీసి సంధి పేర్లు వ్రాయండి.
కర్మాగారం, శిక్షణార్థి, రాత్రంతా
2. “ఆ పని నేర్చుకున్నందుకే నేను ఇక్కడ ఉన్నానని నాన్నకు తెలియాలి.” ఈ వాక్యంలోని సమాపక క్రియను గుర్తించండి.

V. చేయవలసిన పని
1. మీ ఊరిలో చేతిపని తెలిసిన ఒకరిని (వడ్రంగి, కమ్మరి, దర్జీ, మెకానిక్) కలిసి, ఆ పని ఎవరివద్ద, ఎన్నాళ్ళకు నేర్చుకున్నారో తెలుసుకుని ఒక పుట వ్రాయండి.
2. ఆ పనిలో వాడే పది పనిముట్ల పేర్లను తెలుగులోను, మీ రాష్ట్ర భాషలోను పక్కపక్కన వ్రాయండి. ఒకేలా ఉన్న పేర్లను గుర్తించండి.
3. ఈ ఉత్తరం విన్న నాన్న అన్నయ్యకు ఏమని జవాబు వ్రాయించి ఉంటాడో ఊహించి, ఆ ఉత్తరం వ్రాయండి.